ఘూమ్ మఠం జంటచిత్రం వెంట ఖిదిర్‌పూర్ దాకా

శ్రీకాకుళంలో పాత పుస్తకాలు అమ్మే దుకాణంలో, చినిగిన పంచాంగాల కట్టలోంచి ఒక అట్టముక్క జారి నా కాళ్ల మీద పడింది. అరచేతికంటే కాస్త పెద్దది. దాని మీద పక్కపక్కనే రెండు ఫొటోలు, చూడగానే రెండూ ఒకటే అనిపించేలా. కొండవాలు మీద ఒక బౌద్ధ మఠం, దాని ముందు ఎత్తైన కర్రలకు కట్టిన జెండాలు, వెనక మంచు. అడుగున ఇంగ్లీషులో ఘూమ్ మఠమనీ, కలకత్తా బౌబజార్‌లోని ఒక ఫొటో స్టూడియో పేరూ అచ్చు వేసి ఉన్నాయి. డార్జిలింగ్‌కి కాస్త ముందు వచ్చే కొండ ఊరు ఘూమ్. ఇంతవరకూ వింతేమీ లేదు. అట్ట తిప్పి చూశాను. వంకర టింకర తెలుగు అక్షరాల్లో, సిరాతో ఇలా రాసి ఉంది: "ఈ బొమ్మ మా అయ్య తీసినాడు. నీలమ్మ, ఖిదిర్‌పూర్."

నేను జూనియర్ కాలేజీలో భౌతికశాస్త్రం చెబుతాను. మన రెండు కళ్ల మధ్య ఉన్న రెండున్నర అంగుళాల ఎడం వల్లే ఏది దగ్గరో ఏది దూరమో తెలుస్తుందని ఏటా పిల్లలకు పాఠం చెబుతూనే ఉన్నాను. ఆ ఎడాన్ని ఫొటోలోకి తెచ్చే విద్యే ఈ స్టీరియో ఫొటోగ్రఫీ. ఎడమకన్ను చూసేది ఒక బొమ్మ, కుడికన్ను చూసేది ఇంకో బొమ్మ. రెండు కటకాలున్న చూపుడుపెట్టెలో ఆ కార్డు పెట్టి చూస్తే రెండూ కలిసిపోయి, దృశ్యం లోతుగా, నిజంగా అక్కడున్నట్టే కనిపిస్తుంది. సినిమాలు రాకముందు ఇళ్లలో జనం వీటిని చూసే ప్రపంచం తిరిగొచ్చేవారట. రెండు భూతద్దాలు అట్టపెట్టెకు అంటించి నేనూ చూశాను. బొమ్మ బాగా వెలిసిపోయి ఉంది, అయినా మఠం లేచి నిలబడింది! మరి ఆ కాలంలో హిమాలయాలకు వెళ్లి దీన్ని తీసిన తెలుగాయన ఎవరు? ఆ ప్రశ్న నన్ను కూర్చోనివ్వలేదు. డిసెంబరు సెలవులు రాగానే స్లీపర్ టికెట్టు తీసుకుని రైలెక్కేశాను.

ఆరున్నరకు చేరాల్సిన మెయిలు హౌరాకి ఏడు దాటాక చేరింది. స్టేషన్ బయట పసుపు టాక్సీల కోసం పెద్ద వరుస ఉంటుంది. దాన్ని వదిలేసి ఎదురుగా ఉన్న రేవుకి నడవండి. నాలుగు రూపాయలకే లాంచీలో గంగ దాటి బాబూఘాట్‌లో దిగవచ్చు. పొగమంచులో హౌరా వంతెన సగమే కనిపించింది. నేను ఒక కన్ను మూసి, తెరిచి, మళ్లీ మూసి చూస్తుంటే పక్కన నిలబడ్డ పెద్దాయన "కంట్లో ఏమైనా పడిందా, దిదీ?" అని హిందీలో అడిగాడు. నవ్వొచ్చింది. బాబూఘాట్ నుంచి ధర్మతలాకి ఇరవై నిమిషాల నడక. దారి పొడుగునా గోడల మీద కొడవలి సుత్తి బొమ్మలు, వాటి పక్కనే వాటిని తిడుతూ రాసిన పచ్చరంగు రాతలు. అక్కడ మూడు వందలకు ఒక లాడ్జి గది దొరికింది. స్నానం చేసి, మట్టి కప్పులో టీ తాగి, పదకొండుకల్లా బౌబజార్ చేరాను.

స్టూడియో ఇంకా ఉంది! రంగు వెలిసిన బోర్డు, ఇరుకైన చెక్కమెట్లు, పైన పెద్ద గది. లోపల అరవై ఏళ్ల ప్రశాంతోబాబు బల్ల మీద చెక్కపెట్టెలు వరుసగా పేర్చి లెక్క చూసుకుంటున్నారు. స్టూడియో పెట్టిన ముత్తాతకు ఆయన మునిమనవడు. ఇద్దరం హిందీలో మాట్లాడుకున్నాం. నా కార్డు చూపించగానే ఆయన కళ్లద్దాలు పైకి తోసుకున్నారు.

"ఇది మాదే. మా ఠాకుర్దా తీసింది, అంటే మా తాతగారు. ఎక్కడ దొరికింది మీకు?"

చెప్పాను. వెనకవైపు రాత చదివి అర్థం వివరించాను. ఆయన మొహం కొంచెం మారింది, కానీ తల అడ్డంగా ఊపారు. "మా తాతగారి వెంట పెట్టెలు మోయడానికి ఒక మద్రాసీ ఉండేవాడని విన్నాను. ఖిదిర్‌పూర్ డాక్‌లో, అంటే ఓడరేవులో, పనిచేసేవాడట. కెమెరా ముట్టుకోనిస్తారా? గాజుపలక ఒకటి పగిలితే వారం కష్టం పోయినట్టే."

"ఆ పలకలు ఒకసారి చూడనిస్తారా?"

"చూడండి. కానీ తొందరగా చూడండి. మూడింటికి గాజువాడు వస్తాడు. ఈ నెలాఖరుకి గది ఖాళీ చెయ్యాలి. వాడు వీటిని వేణ్ణీళ్లలో వేసి, పైన ఉన్న పొర కడిగేసి, ఫొటో ఫ్రేములకు అద్దాలుగా అమ్ముకుంటాడు."

ఆ పెట్టెల్లో ఉన్నది మామూలు గాజు కాదు. ఫిల్మ్ రాకముందు నెగటివులన్నీ ఆ గాజుపలకల మీదే ఉండేవి. అంటే సాయంత్రానికల్లా ఒక వంశం తీసిన ఫొటోలన్నీ మురికినీళ్లలో కలిసిపోతాయి. నా చేతిలో నాలుగు గంటలున్నాయి. కిటికీ దగ్గర కూర్చుని, ప్రశాంతోబాబు ఇచ్చిన నూలు చేతితొడుగులు వేసుకుని మొదలుపెట్టాను.

ఘూమ్ అని రాసిన పెట్టెలు నాలుగున్నాయి. వాటిలో స్టీరియో ఫొటోగ్రఫీ చరిత్ర మొత్తం ఒకే మఠం చుట్టూ తిరిగి కనిపిస్తుందని నేను కలలో కూడా అనుకోలేదు! అన్నిటికంటే పాతవి ముత్తాత తీసినవి. ఆయన దగ్గర ఒకే కటకమున్న కెమెరా ఉండేదట. చెక్కపట్టా మీద దాన్ని పెట్టి, ఒక ఫొటో తీసి, రెండున్నర అంగుళాలు పక్కకి జరిపి ఇంకోటి తీసేవాడు. ఈలోగా మబ్బు కదిలిపోయేది. స్టూడియోలో ఉన్న చూపుడుపెట్టెలో వాటి అచ్చులు చూస్తే మఠం కుదురుగా ఉంటుంది, దాని మీద మబ్బు మాత్రం రెండుగా చీలి కళ్లను తికమక పెడుతుంది. రెండో పెట్టె, మూడో పెట్టె తాతగారివి. ఆయన జంట కటకాల కెమెరా కొన్నాడు. రెండు బొమ్మలూ ఒకే క్షణంలో పడతాయి కాబట్టి జెండా రెపరెపలు కూడా సరిగ్గా కలుస్తాయి. నాలుగో పెట్టెలో ప్రశాంతోబాబు నాన్నగారు ఫిల్మ్ మీద తీసిన చిన్న చిన్న రంగు స్లయిడ్లున్నాయి. ఎరుపు, పసుపు జెండాలు చూస్తే చలికాలపు గదిలో పండగొచ్చినట్టుంది. ఆ తర్వాత ఇంకెవరూ తీయలేదు. "టీవీలొచ్చాక ఒక కన్నుతో పెట్టెలోకి చూసేవాళ్లెవరు?" అన్నారు ప్రశాంతోబాబు. "రెండు కళ్లతో" అని నేను సరిదిద్దితే ఇద్దరం నవ్వుకున్నాం.

ఒంటిగంటన్నరకు ఆయన నన్ను బలవంతంగా లేపి, కింద ఉన్న భోజనం హోటల్‌కి పంపారు. అరటాకులో అన్నం, పప్పు, వేయించిన వంకాయ ముక్క. చేప వద్దంటే వంటాయన గరిటె పట్టుకుని బయటికొచ్చి మరీ నన్ను చూశాడు. "చేప తినవా? మరి కోల్‌కతా ఎందుకొచ్చావమ్మా?" ఫొటో కోసమని చెప్పాను. అదెలా కడుపు నింపుతుందో ఆయనకు అర్థం కాలేదు. ఇంకో వంకాయ ముక్క మాత్రం వేశాడు. ఇరవై ఐదు రూపాయలకు అంత కమ్మని భోజనం తిని పది నిమిషాల్లో మళ్లీ మెట్లెక్కాను.

రెండున్నర అవుతుండగా, మూడో పెట్టె అడుగున, నా కార్డు తాలూకు పలకలు దొరికాయి. జంట కటకాల పలక ఒకటే ఉంటుందనుకున్నాను. కానీ విడివిడిగా రెండున్నాయి! ఒకదాని వెనక ఒకటి తీసినవన్నమాట. వాటితో పాటు కవరులో అమ్ముడుపోని కొత్త కార్డు ఒకటి, ఇంకా మెరుస్తూనే ఉంది. దాన్ని చూపుడుపెట్టెలో పెట్టి చూశాను. గట్టిగా అరిచాననుకుంటాను, ప్రశాంతోబాబు పరుగెత్తుకొచ్చారు. తాతగారి మిగతా ఫొటోల్లో లోయకు అవతలి నుంచి తీసిన మఠం గోడకు అంటించిన కాగితంలా చదునుగా ఉంది. అంత దూరానికి రెండున్నర అంగుళాల ఎడం చాలదు. ఇందులో మాత్రం మఠం పైకప్పు మూల మూలా విడివిడిగా తెలుస్తూ, అరచేతిలో పెట్టుకోవచ్చన్నంత నిండుగా లేచి నిలబడింది. ఇది తీసినవాళ్లెవరో మొదటి ఫొటో తీశాక కెమెరాను ఎత్తుకుని ఒక పెద్ద అడుగు పక్కకు వేసి రెండోది తీశారు. దూరంగా ఉన్నదాన్ని చూడాలంటే కళ్ల మధ్య ఎడం పెంచాలని తెలిసినవాళ్లు తప్ప ఆ పని చెయ్యరు!

"మఠం గుమ్మం దగ్గర ఎవరో మనిషున్నాడు" అన్నాను. నా వెలిసిన కార్డులో ఆ చోట మసక తప్ప ఏమీ లేదు. గాజుపలకను కిటికీకి ఎదురుగా పట్టి, భూతద్దం ప్రశాంతోబాబుకిచ్చాను. ఆయన చాలాసేపు చూశారు.

"ఈ టోపీ... ఈ చేతికర్ర..." అని ఆగిపోయారు. గోడ మీద వేలాడుతున్న పెద్ద ఫొటో వైపు చూశారు. అదే టోపీ, అదే చేతికర్ర. "ఇది మా ఠాకుర్దా!"

ఇద్దరం ఒకరి మొహం ఒకరు చూసుకున్నాం. తాతగారు మఠం గుమ్మంలో ఉంటే, లోయ ఇవతల కెమెరా దగ్గర ఎవరున్నారు?

ఆయన బీరువా తెరిచి, తాతగారి రోజువారీ పుస్తకాలు కింద పరిచారు. పలక కవరు మీద ఉన్న సంఖ్యను బట్టి పేజీ వెతకడానికి పావుగంట పట్టింది. బెంగాలీలో మూడు చిన్న వాక్యాలు. వేలితో ఒక్కొక్క మాటా తాకుతూ నాకు హిందీలో చెప్పారు: "ఈరోజు మంచు తొలగింది. నేను గుమ్మంలో నిలబడ్డాను. అప్పన్న తీశాడు."

ఆ సమయానికే గాజువాడు తోపుడుబండితో వచ్చాడు. ప్రశాంతోబాబు ఘూమ్ పెట్టెలు నాలుగూ తన కుర్చీ వెనక్కి లాక్కున్నారు. మిగతా పెట్టెలన్నీ మెట్లు దిగి వెళ్లిపోయాయి. పెళ్లిళ్లు, పిల్లల పుట్టినరోజులు, మేడలు కట్టకముందటి వీధులు, అన్నీ. ఆపమని అడగాలని నోటి దాకా వచ్చింది. వాటిని పెట్టుకునే చోటు ఆయనకూ లేదు, నాకూ లేదు. ఇప్పటికీ ఆ బండి చప్పుడు తలుచుకుంటే బాధేస్తుంది.

"ఖిదిర్‌పూర్ వెళదాం పదండి. నేనూ వస్తాను" అన్నారాయన, చూపుడుపెట్టెను శాలువాలో చుడుతూ.

ధర్మతలా నుంచి ఖిదిర్‌పూర్‌కి బస్సులు చాలా ఉన్నాయి. కానీ ట్రామ్ ఎక్కండి. నాలుగు రూపాయల టికెట్టుతో మైదానం గడ్డి మధ్యలోంచి, మేకలను, క్రికెట్ ఆటలను దాటుకుంటూ అరగంట ప్రయాణం. సిటీలో అంత మెల్లగా, అంత పచ్చగా సాగే దారి ఇంకోటి లేదు. ఆ దారిలోనే ప్రశాంతోబాబు కిటికీ బయటికి చూస్తూ చెప్పారు: "నేను కాలేజీలో చదివే రోజుల్లో ఒకావిడ స్టూడియోకి వచ్చింది. మా నాన్న బొమ్మ తీశాడు, ఆయన పేరు కూడా వెయ్యండి అని అడిగింది. మా నాన్నగారు, పెట్టె మోసేవాడు బొమ్మ తీస్తాడా అన్నారు. నేను పక్కన కూర్చుని ఉన్నాను. నవ్వాను."

ఖిదిర్‌పూర్ బజారులో ఇడ్లీలు అమ్మే ఒకామె కనిపించింది. తెలుగులో పలకరించగానే పొంగిపోయింది. "నీలమ్మత్తా? డాక్ కోటర్స్ ఎనకాల గల్లీలో, నీలం తలుపు. బేగి ఎళ్లండి, సీకటడిపోతే కరెంటు కూడా పోతాది" అంది. నాలుగున్నర దాటింది. చలికాలం ఐదింటికే వెలుగు పోతుంది. చూపుడుపెట్టెకు వెలుగు కావాలి. ఇద్దరం దాదాపు పరుగెత్తాం.

నీలమ్మగారికి డెబ్బై అయిదు దాకా ఉంటాయి. గుమ్మంలో పీట వేసుకుని కూతురు పార్వతి చేత తల దువ్వించుకుంటోంది. పార్వతి కార్పొరేషన్‌లో పనిచేస్తుంది, అప్పుడే డ్యూటీ దిగి వచ్చిందట.

"ఎవులమ్మా నువ్వు? ఏటి పని మీదొచ్చినావు?" అంది నీలమ్మగారు.

నేను కార్డు వెనకవైపు చూపించాను. ఆమె దాన్ని కంటికి దగ్గరగా తెచ్చుకుంది. "ఓలమ్మా! ఇది నా రాతే! ఇక్కడెవులూ నమ్మనేదని, ఊర్ల ఉన్న మా మేనత్తకి పంపినాను. అక్కడైనా నమ్ముతారని. నీకెలగ దొరికినాది?" నేను చెబుతుండగానే ఆమె చూపు నా వెనక ఉన్న మనిషి మీద పడింది. ఈయనెవరని అడిగింది.

ప్రశాంతోబాబు చెప్పులు విడిచి, ఆమె ఎదురుగా నేల మీద కూర్చున్నారు. ఆమెను మాశీమా, అంటే పిన్నీ అని పిలిచి బెంగాలీలో మొదలుపెట్టారు, పార్వతి నాకు తెలుగులో చెబుతూ వచ్చింది. "మాశీమా, బౌబజార్ స్టూడియో మాది. ఆ రోజు మీరు వచ్చినప్పుడు నవ్వింది నేనే."

ఆమె ఆయన్ని తేరిపార చూసింది. కోపం లేదు, కరుణా లేదు. "నవ్వినావు" అంది తెలుగులోనే. "నాను మెట్లు దిగినంతసేపూ ఇనపడింది."

పార్వతి దాన్ని బెంగాలీలో చెప్పలేక ఆగిపోయింది. చెప్పాల్సిన అవసరమూ రాలేదు. ఆయన తల వంచుకుని, సంచిలోంచి రోజువారీ పుస్తకం తీసి, ఆ మూడు వాక్యాలూ చదివారు. ఆమె మళ్లీ చదవమంది. చదివారు. "అప్పన్న అన్న మాట ఏది?" అని అడిగి, ఆ అక్షరాల మీద వేలు పెట్టి, మూడోసారి చదివించుకుంది.

కెమెరాతో పక్కకు అడుగు వెయ్యాలని మీ నాన్నగారికి ఎలా తెలిసిందని నేను అడిగాను. మధ్యాహ్నం నుంచీ నన్ను తొలిచేస్తున్న ప్రశ్న అది. ఆమె నవ్వింది. "అదేటి పెద్ద సదువా? అయ్య డాక్‌ల తాళ్లు ఇసిరీవోడు. ఓడ ఒడ్డుకెంత దూరంల ఉందో తెలకపోతే తాడు నీళ్లల పడిపోద్ది. తలకాయ ఇటొకసారి, అటొకసారి ఆడించి సూత్తే దగ్గరున్నది బేగి కదుల్తాది, దూరమున్నది కదలదు అనీవోడు. బాగా దూరమైతే ఒక అడుగు పక్కకేసి సూడాల అనీవోడు." నేను పుస్తకాలు చదివి పాఠంగా చెప్పేదాన్ని ఆయన రేవులో నిలబడి తెలుసుకున్నాడు!

వెలుగు తగ్గిపోతోంది. ఆమెను గల్లీ చివర, పడమటి ఎండ ఇంకా పడుతున్న గోడ దగ్గరికి తీసుకెళ్లాం. కొత్త కార్డు పెట్టి, చూపుడుపెట్టె ఆమె మొహానికి ఆనించాను. "రెండు కళ్లూ తెరిచే ఉంచండమ్మా. కాసేపు రెండుగా కనిపిస్తుంది, తొందరపడొద్దు."

"రెండే కనపడతన్నాయి... రెండే..." అంది. తర్వాత ఆమె భుజాలు ఒక్కసారి కదిలాయి. "ఓలప్పా! లేచిపోనాది! గుడి లేచి నిలబడిపోనాదే!" కుడిచెయ్యి ముందుకు చాచి, కార్డు అవతల, గాలిలో ఆ పైకప్పును తడిమింది. పార్వతి నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది.

కాసేపటికి ఆమె గొంతు చిన్నదైపోయింది. "అయ్యేడీ? అయ్య కనపడ్డేదేటి?"

"ఆయన బొమ్మలో ఉండరమ్మా, బొమ్మ తీశారు కదా. మీరిప్పుడు నిలబడ్డది ఆయన నిలబడ్డ చోటే. మీరు చూస్తున్నది మీ అయ్య చూసిందే."

ఆమె పెట్టె దించలేదు. ఎండ గోడ మీది నుంచి పూర్తిగా జారిపోయేదాకా అలాగే చూస్తూ ఉండిపోయింది.

మర్నాడు పొద్దున్న సెలవు తీసుకుందామని వెళితే గల్లీలో పెద్ద వరుస. బడికెళ్లే పిల్లలు, కుళాయి దగ్గరి ఆడవాళ్లు, బీహారీ టీ దుకాణదారు, అందరికీ నీలమ్మగారే చూపిస్తోంది. ప్రశాంతోబాబు పెట్టెను ఆమెకే ఇచ్చేసి వెళ్లారు. చూసిన ప్రతివాళ్లనూ ఆమె ఒకటే అడుగుతోంది, ఎవులు తీసినారు చెప్పు అని. పిల్లలు పాఠం అప్పజెప్పినట్టు "అప్పన్న!" అని అరుస్తున్నారు. ప్రశాంతోబాబు దాచుకున్న పలకల నుంచి కొత్త అచ్చులు వేయిస్తానని, వాటి మీద స్టూడియో పేరు పక్కన అప్పన్న పేరుంటుందని మాట ఇచ్చారు. నేను ఇంటికి చేరిన నెలకు పోస్టులో ఒకటి వచ్చింది. ఉంది, ఆ పేరు.

ఘూమ్ చూడకుండానే ఘూమ్ యాత్ర చేసి వచ్చానని స్నేహితులు ఎగతాళి చేస్తున్నారు. చేసుకోనివ్వండి. ఆ కొండకు ఎప్పుడైనా వెళ్లవచ్చు, మఠం ఎక్కడికీ పోదు. కానీ ఆ గాజుబండి ఇంకొక గంట ముందు వచ్చి ఉంటే ఒక కూతురి మాట అబద్ధంగానే మిగిలిపోయేది. మనం ఎంత మెచ్చుకుని చూసే పాత ఫొటోల్లోనైనా, చూపిస్తున్నవాళ్లు మనకు కనిపించరు. వాళ్ల పేరు ఎక్కడో ఒక పేజీలో, ఎవరూ చదవని మూడు వాక్యాల్లో ఉండిపోతుంది. మీరూ ఏదైనా పాత స్టూడియోకి వెళ్లే పని పెట్టుకుంటే ఒక్క సలహా: తెరిచేది పదకొండుకే, కాబట్టి తిన్నగా అప్పుడే వెళ్లండి, ఫొటోలకంటే ముందు రోజువారీ పుస్తకం అడగండి, ఆ రోజు వెంట ఎవరెవరు వెళ్లారో అందులో చూడండి.